పెట్టినవాడే తియ్యాలి

సముద్రం లాక్కుపోయిందని ఇరవై రెండు రోజులుగా అందరూ నమ్ముతూ వచ్చిన ఎర్ర జెండా, ఖరగ్‌పూర్ మలంచా పేటలో తండ్రి ఇంట్లో, ఆయన ఇనప ట్రంకు అడుగున మీనాకుమారికి దొరికింది.

పాత ఖాకీ చొక్కాల కింద ఉంది. పొట్టి కర్రకు బిగించి చుట్టి, పైన ఇనప తీగతో కట్టి ఉంది. బయటికి లాగగానే మడతల్లోంచి సన్నటి బూడిద రంగు ఇసక రాలింది. ఆ ఇసక ఎక్కడిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడో రోజు దొరికిన భర్త శవం నిక్కరు జేబుల్లోంచి రాలింది కూడా అదే ఇసక.

ఈ కథలోకి ఇవాళే వచ్చినవారి కోసం నాలుగు మాటలు. జనవరి మొదటి ఆదివారం ఖరగ్‌పూర్ నుంచి ఐదుగురు బండి మాట్లాడుకుని చంపాఖాలి అనే జనంలేని సముద్రతీరానికి వెళ్లారు. వర్క్‌షాపులో రైల్వే వ్యాగన్ ఫిట్టరుగా చేసి రిటైరైన నూకయ్య, ఆయన భార్య జోగమ్మ, కూతురు మీనాకుమారి, అల్లుడు ప్రేమ్‌కుమార్, అక్కడే ఫిట్టరుగా చేస్తున్న జోగమ్మ తమ్ముడు గిరిబాబు. తిరిగొచ్చింది నలుగురే. గూడ్సు బళ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్‌గా పనిచేసే ప్రేమ్‌కుమార్, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట మునిగిపోయాడు. అక్కడ దిగకూడదని తాను ముందే ఎర్ర జెండా పాతానని నూకయ్య చెప్పాడు. వెతికితే జెండా లేదు. వదులుగా పాతాడు, కెరటం పట్టుకుపోయింది అన్నారు కొందరు. అసలు పాతనేలేదు, ముసలాడికి మతి తప్పింది అన్నారు మరికొందరు. "మా ఆయన్ని చంపింది నువ్వే, ఈ గడప ఇక తొక్కను" అని తండ్రి మొహమ్మీదే చెప్పేసి మీనాకుమారి ఇందా పేటలోని తన అద్దె ఇంటికి వెళ్లిపోయింది.

ఇవాళ ఒక కాగితం కోసం రాకతప్పక వచ్చింది. కాగితం దొరకలేదు. ఇది దొరికింది.

నూకయ్య వెనక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చినా వెళ్లలేదు. అల్లుడు పోయాక గడ్డం కూడా గీసుకోలేదు.

"ఇదేటి?" అంది మీనాకుమారి.

"ఏదమ్మా?"

"కళ్లు కనపడవు గదా. చేత్తో చూసుకో." జెండాను ఆయన ఒళ్లోకి విసిరింది.

నూకయ్య వేళ్లు గుడ్డ అంచును తడిమాయి. రెండు వరసలుగా వేసిన కుట్టు. జోగమ్మ వేసింది. ఆయన మొహంలో మొదట కనిపించింది భయం కాదు, సంతోషం. అది చూసి మీనాకుమారికి ఒళ్లు మండిపోయింది.

"నాదే ఇది" అన్నాడు. "దొరికీసిందేటి? ఎక్కడ?"

"నాటకాలాడకు. నీ పెట్టెలో. నీ సొక్కాల కింద."

"నా పెట్టెలోనా?"

"సముద్రం పట్టుకుపోయిందని ఊరంతా చెప్పినావు."

"నాను అనలేదు. జనం అన్నారు. నాను పాతినాను అన్నాను. రెండడుగులు గొయ్యి తీసి పాతినాను. ఇప్పుడూ అదే అంటన్నాను."

"పాతినావు. సరే, నమ్మినాను. మరి తీసిందెవరు? మీ కార్ఖానా రూలు ఏటి నాన్నా? నాకు నడక రాకముందు నుంచీ నేర్పినావు గదా. చెప్పు."

నూకయ్య జెండా కర్ర తడుముతూనే ఉన్నాడు.

ఆ రూలు ఆ ఇంట్లో అందరికీ కంఠోపాఠం. వ్యాగన్లు బాగుచేసే సిక్ లైనులో ఫిట్టరు బండి కిందికి దూరే ముందు రెండు చివర్లా ఎర్ర జెండా పెడతాడు. అది ఉన్నంతసేపు ఏ ఇంజనూ ఆ లైనులోకి రాదు. పని అయ్యాక ఆ మనిషే బయటికొచ్చి తన జెండా తాను తీసుకోవాలి. ఎంత పెద్ద ఆఫీసరు దిగివచ్చినా మరో చెయ్యి దానిమీద పడకూడదు. కింద మనిషి ఉన్నాడో లేడో తెలిసేది పెట్టినవాడికే.

"పెట్టినవాడే తియ్యాలి" అంది మీనాకుమారి. "నువ్వే పెట్టినావు. నువ్వే తీసినావు. చేపలు కొందామని ఎల్తూ తీసీసి, ఆయన దిగిపోయాక భయపడి దాచినావు. ఇరవై రెండు రోజులు! నా ఏడుపు వింటూ, నా తిట్లు తింటూ దాచినావు."

వంటింట్లోంచి జోగమ్మ వచ్చింది. చేతులకి బియ్యం కడుగు ఇంకా కారుతోంది.

"ఏటే ఆ కేకలు? పక్కింటి దీదీ కిటికీ తీసి సూస్తంది."

"చూడనీ. తెలుగు రాదు గదా, నేనే బెంగాలీలో చెప్తాను. మా నాన్న హంతకుడని చెప్తాను."

"ఓలె! నోరు ముయ్యి!"

"ముయ్యను. ఇది పట్టుకుని తిన్నగా థానాకి పోతన్నాను."

చెయ్యి చాచింది. నూకయ్య జెండా ఇవ్వలేదు. కర్రను తిప్పి తిప్పి, తీగ కట్టిన చోట బొటనవేలు పెట్టి ఆగిపోయాడు. ముప్ఫై ఏడేళ్లు చీకట్లో బండి కింద పడుకుని నట్లూ బోల్టులూ చేత్తోనే చూసిన మనిషి.

"ఎల్దాం తల్లీ. నానూ వొస్తాను. దొంగనైతే నాకూ సంకెళ్లు ఎయ్యమను. గానీ ఒక్క మాట సెప్పు. ఈ తీగ నువ్వు కట్టినావేటి?"

"నేనెందుకు కడతాను?"

"జెండాని తీగతో కట్టీసి పెట్టుకున్న ఫిట్టర్ని నానెప్పుడూ సూడలేదు. ఆపద వేళ ఒక్క దులుపుకి విప్పుకోవాలి. నాను దారం కూడా కట్టను. అది పోనీ. ఈ మెలిక సూడు."

"మెలికేటి మెలిక! మాట మార్చకు."

"సూడమంటన్నాను గదా! సెయ్యి పెట్టి తిప్పు. ఏ పక్కకి బిగుస్తంది?"

ఆయన గొంతు అలా లేవడం మీనాకుమారి ఈ నెలలో వినలేదు. తెలియకుండానే తీగ చివర పట్టుకుని తిప్పింది. కుడిపక్కకి తిప్పితే వదులయింది. ఎడమపక్కకి తిప్పితే బిగుసుకుంది.

"నాను తిప్పితే కుడిపక్కకి బిగుస్తాది. నువ్వు తిప్పినా అంతే. ఇది ఎడంసేతి మెలిక."

జోగమ్మ కొంగుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

"పెట్టె తియ్యమని నీకెవరు సెప్పినారు?" అన్నాడు నూకయ్య.

మీనాకుమారికి పొద్దున్న వచ్చిన ఫోను మాట మాటగా గుర్తొచ్చింది. *ప్రేమ్ సర్వీసు కాయితం జిరాక్సు మీ నాన్న పెట్టెలో పెట్టినాను. అడుగున సూడు మీనా. బాగా అడుగున.*

"గిరి మామ" అంది.

"ఆడిది ఎడంసెయ్యి వాటం" అంది జోగమ్మ. ఎవరో అడిగినట్టు, తాను ఒప్పుకోవలసివచ్చినట్టు అంది. "సిన్నప్పుడు మా అమ్మ ఎంత కొట్టినా మారనేదు."

మీనాకుమారి అరుగు మీద చతికిలబడింది. తండ్రి మీద పెంచుకున్న కోపం అంత తేలిగ్గా చేతులు మారదు. గిరి మామ కట్టి ఉండొచ్చు. కానీ నాన్న కట్టమని ఇచ్చి ఉండొచ్చు కదా? ఇద్దరూ కలిసి దాచి ఉండొచ్చు కదా? గిరి మామకి ఈ ట్రంకు ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది?

అప్పుడు తట్టింది. నిన్న సాయంత్రం ఆమె అతనికి ఒక సంగతి చెప్పింది. అతనొక్కడికే చెప్పింది. ప్రేమ్‌కుమార్ కెమెరాకి బ్యాటరీ ఛార్జి చేయించబోతున్నానని.

ఆ కెమెరా ఇప్పుడు ఆమె సంచిలోనే ఉంది. వస్తూ వస్తూ బజారులో విద్యార్థులకి ఫోన్లు బాగుచేసే కొట్టులోంచి తెచ్చింది. ఆన్ చేసే ధైర్యం లేక అలాగే ఉంచింది.

ఇప్పుడు ఆన్ చేసింది.

చంపాఖాలి వెనక్కి వచ్చింది.

తొమ్మిది నలభై. తడి ఇసక మీద ఎర్ర పీతలు, కళ్లం నిండా మిరపకాయలు ఆరబోసినట్టు. మరుసటి ఫోటోలో ఒక్కటీ లేదు, ఉత్త బొరియలే. అది తన తప్పేనని ఆమెకి గుర్తుంది. గట్టిగా నడిచింది. "మడమ ఆనించకు మీనా, నీ బరువు వాటికి వినిపిస్తుంది" అని ప్రేమ్‌కుమార్ నవ్వాడు. చెప్పులు విప్పించి, వేళ్ల మీద నడిపించాడు. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ముందు ఒక కన్ను, తరవాత ఒక డెక్క, తరవాత తీరం మొత్తం మళ్లీ ఎర్రబడింది. ఆ పూట ఆమె చప్పుడు లేకుండా నడవడం నేర్చుకుంది.

పది అయిదు. వెల్లకిలా పడిపోయి కాళ్లాడిస్తున్న ముల్లుతోక పీత, బోర్లించిన రాగిగిన్నెంత ఉంది. మరుసటి ఫోటోలో దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్లలో వదులుతున్న ప్రేమ్‌కుమార్. ఈ ఫోటో తీసింది తనే. తల నరికేసినట్టు వచ్చింది.

పది ఇరవై. ఆ ఫోటోలో మీనాకుమారే ఉంది, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని. ఆమె వెనక, కూలిపోయిన సరుగుడు మాను పక్కన, నిటారుగా ఎర్ర జెండా.

"ఉంది నాన్నా" అంది. కెమెరా ఆయన వైపు తిప్పింది. "నువ్వు పాతినావు. ఉంది."

"పడిపోయిన మాను పక్కనే గదా?"

"ఆ. పక్కనే."

ఆ రోజు పొద్దున్న వల లాగుతున్న ముసలి జాలరి నూకయ్యని ఆపి చెప్పాడు. "దాదా, భాటార్ శొమయ్ ఏఖానే నామ్‌బేన్ నా." నీరు తీసే వేళ ఇక్కడ దిగకండి. పైకి మోకాలి లోతు కనిపిస్తుంది, కింద ఏరు మొత్తం మనిషిని సముద్రంలోకి ఈడుస్తుంది అన్నాడు. అందుకే నూకయ్య, రిటైరైనా సంచిలో వదలని తన జెండా పాతడానికి, మాను దగ్గర గొయ్యి తీశాడు. ప్రేమ్‌కుమార్ రైల్వే ఈతకొలనులో పతకాలు కొట్టినవాడు, అయినా అడిగాడు: "ఎంతవరకు మామయ్యా?" నూకయ్య చెప్పాడు: "జెండాకి ఇవతల ఎంతైనా ఈదు. అవతల పాదం పెట్టకు." ప్రేమ్‌కుమార్ సెల్యూట్ కొట్టాడు. లోకో పైలట్‌కి ఎరుపు ఎరుపే. అంతకు మించి ఒక్క అంగుళం వెళ్లడు.

ఆ తరవాత పదిన్నరకి తల్లీ తండ్రీ పడవల దగ్గరికి చేపల కోసం వెళ్తుంటే మీనాకుమారి కూడా వాళ్లతో వెళ్లింది. కిలోమీటరు దూరం. ముగ్గురూ తిరిగొచ్చేసరికి పావు తక్కువ పన్నెండు.

ఆమె బొత్తాం నొక్కింది. పదకొండు పది. కెరటం అంచున పరిగెడుతున్న ఉల్లంకి పిట్టలు. వాటి వెనక కూలిన మాను. మాను పక్కన ఏమీ లేదు. కళ్లు కుడివైపుకి జరిపింది. దూరంగా, వలలు కట్టే వెదురు గుంజల దగ్గర, ఉప్పుటేరు దాదాపు దాటేసిన చోట, జెండా.

నలభై అంగల దూరం. అదే జెండా.

మళ్లీ వెనక్కి నొక్కింది. మాను పక్కన. ముందుకి నొక్కింది. గుంజల పక్కన. మూడుసార్లు అలా చేసింది.

"నాన్నా, పదకొండు పదికి మనం ఎక్కడున్నాం?"

"పడవల కాడ. మీ అమ్మ ఆ సేపలోడితో పోట్లాడతంది."

"జెండా నడిచిందమ్మా" అంది మీనాకుమారి తల్లితో. "మనం అక్కడుండగా ఇది లేచి నడిచింది. ఆయన జెండాకి ఇవతలే దిగాడు. చెప్పిన మాట విన్నాడు. విన్నందుకే చచ్చిపోయాడు."

అప్పుడు ఆమె తండ్రి కాళ్ల వైపు చూసింది. వంగలేదు, క్షమించమనలేదు. జెండా కర్రకి ఉన్న తీగ తనే విప్పి, గుడ్డ దులిపి, ఆయన చేతికిచ్చింది.

"ఇంకొక ఫోటో ఉంది" అంది. చూసింది. ఎవరికీ చూపించలేదు. ఫోను తీసి నంబరు నొక్కింది.

"మామా, కాయితం దొరకనేదు. నువ్వొచ్చి చూపించు."

*

వర్క్‌షాపు సైరన్ మధ్యాహ్నం భోజనాలకి మోగిన పావుగంటకి గిరిబాబు స్కూటర్ సందులోకి తిరిగింది. తెరిచి ఉన్న గేటులోంచి ముందు చక్రం లోపలికి వచ్చి, ఠక్కున ఆగిపోయింది.

గేటుకీ గుమ్మానికీ మధ్య పాత రంగు డబ్బా ఉంది. డబ్బా నిండా ఇసక. ఇసకలో ఎర్ర జెండా.

అరుగు మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. గిరిబాబు బండి దిగలేదు. రెండు కాళ్లూ నేలకి ఆనించి నవ్వబోయాడు.

"ఏటి బావా, ఇంటి ముందు సిక్ లైన్ పెట్టినావు?"

"నీకోసమే పెట్టినాను" అన్నాడు నూకయ్య. "తీసి లోపలికి రా. ఒకడు పెట్టిన జెండా తియ్యడం నీకు కొత్తేటి?"

"ఏటా మాటలు?" గిరిబాబు స్టాండు వేసి దిగాడు. జెండా చుట్టూ తిరిగి వచ్చాడు గాని ముట్టుకోలేదు. "అప్పా, ఆకలేస్తంది. ముందు అన్నం పెట్టు, తరవాత బావ ఎటకారాలు ఇంటాను."

"నీకు ఈ ఇంట్లో అన్నం లేదు" అంది జోగమ్మ.

అతని నవ్వు అక్కడితో పోయింది.

"అడుగున చూడమన్నావు గదా మామా" అంది మీనాకుమారి. "చూసినాను."

గిరిబాబు నూకయ్య వైపు తిరిగి, చెంపలు వేసుకున్నాడు. "ఓలమ్మో! నీ పెట్టెలోనా బావా? మీనా, నానెలా సెప్పేది నీకు? కన్నతండ్రి మీద. ముసిలోడు ఆ రోజు ఏటో దాస్తన్నాడని నాకు అనుమానమే..."

"తీగ ఎవరు కట్టినారు?"

"ఏ తీగ?"

మీనాకుమారి విప్పిన తీగను అతని కాళ్ల దగ్గర పడేసింది. మెలిక వంపు తీగలో ఇంకా అలాగే ఉంది. ఫిట్టరుకి ఫిట్టరు పని చదవడం రాదా? ఒక్క చూపు చాలింది. అతని ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లి జేబులో దూరింది.

ఆమె కెమెరా తెర అతని మొహానికి దగ్గరగా పెట్టింది. "ఇది పది ఇరవై. మాను దగ్గర. ఇది పదకొండు పది. గుంజల దగ్గర. మేం ముగ్గురం పడవల కాడ, డ్రైవరు బండిలో. అక్కడున్నది ఆయన, నువ్వు. చెప్పు మామా. పీతలు మోసుకెళ్లినాయా?"

గిరిబాబు గేటు వైపు చూశాడు. నూకయ్య కదల్లేదు. జోగమ్మ లేచి వెళ్లి గేటు గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"సరదాకి" అన్నాడు గిరిబాబు.

"ఏటి?"

"సరదాకి జరిపినాను. అంతే. ఓ నవ్వులాట." నూకయ్య వైపు తిరిగాడు. "నవ్వులాట నాకొక్కడికేనా తగదు? పదకొండేళ్ల కిందట సిక్ లైనులో నీ జెండా తీసినాను బావా. గూడ్సు బండి లేటయిపోతందని ఫోర్‌మన్ నా మీద అరుస్తన్నాడు. నువ్వు పని ముగించి ఎల్లిపోనావనుకున్నాను. నువ్వు కిందే ఉన్నావు. ఇంజను కొట్టింది, నువ్వు దొర్లుకుని బయట పడ్డావు. గోరు కూడా ఊడలేదు. కానీ నా మీద రిపోర్టు రాసినావు. పెళ్లాం తమ్ముడి మీద!"

"రాసినాను. మళ్లీ రాస్తాను."

"రాస్తావు! మూడేళ్లు నా ప్రమోషన్ ఆగిపోనాది. నాకంటే సిన్నోళ్లు నాకు పని సెప్పినారు. జెండా గిరి అని పేరెట్టినారు. నా పెళ్లిలో బాజాలోడికి కూడా ఆ పేరే తెలుసు. అయినా ఊరుకున్నాను. ఆ రోజు సముద్రం కాడ, అల్లుడి ముందు, ఆ డ్రైవరు ముందు, గొయ్యి తవ్వుతూ ఏటన్నావు? గుర్తుందా? గిరిగాడికి అందకుండా లోతుగా పాతాలి అన్నావు. అందరూ నవ్వినారు. ప్రేమ్ కూడా నవ్వినాడు. మీనా, నువ్వూ నవ్వినావు."

మీనాకుమారికి ఆ నవ్వు గుర్తొచ్చింది. నిజమే. నవ్వింది.

"మీరు సేపలకి ఎల్లినాక పీకి అటు పాతినాను. బావ తిరిగొచ్చి, నా జెండా ఏదీ అని వెతుక్కోవాలి. గొప్ప ఫిట్టరు, తన జెండా ఎక్కడ పెట్టినాడో తనకే తెలీదని ఒక్కసారి, ఒక్కసారి అందరూ బావని చూసి నవ్వాలి. అంతే అనుకున్నాను. ఆ మీద సరుగుడు తోటలో పడుకున్నాను. నిద్ర పట్టీసింది. ప్రేమ్ ఎప్పుడు దిగినాడో నానెరగను. లేచేసరికి మీ ఏడుపులు. మీరంతా నీళ్ల ఎంట పరిగెడతంటే భయపడి పీకి సంచిలో ఎట్టుకున్నాను. పారీద్దామని కాసాయి నది వంతెన మీదకి మూడుసార్లు ఎల్లినాను. సెయ్యి రానేదు. కెమెరా బ్యాటరీ ఛార్జి సేయిస్తానని మీనా అంటే, నిన్న సాయంత్రం వొచ్చి పెట్టెలో ఎట్టీసినాను." చేతులు జోడించాడు. "తప్పే. కానీ సంపలేదు మీనా. నిద్దరలో ఉన్నాను. అప్ప మీద ఒట్టు."

"నా మీద ఒట్టు పెట్టకు" అంది జోగమ్మ గేటు దగ్గరనుంచి.

మీనాకుమారి ఆఖరి ఫోటో తెర మీదకి తెచ్చింది. పదకొండు ఇరవై అయిదు. ఈతకి దిగేముందు, కెమెరా సంచిలో పెట్టబోతూ ప్రేమ్‌కుమార్ తీసినది. ఆ సంచిని ఆ సాయంత్రం తెచ్చి ఆమెకి అందించింది గిరిబాబే. లోపలి కెమెరాలో తన బొమ్మ పడిందని ఎరగడు.

ఫోటోలో కూలిన మాను ఉంది. మాను మీద కాలు మీద కాలు వేసుకుని గిరిబాబు కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. తిన్నగా కెమెరాలోకి చూస్తున్నాడు.

"నిద్దరలో చాలా బాగా కూర్చున్నావు మామా" అంది.

అతను ఆ తెరని చూశాడు. తరవాత జెండా డబ్బా పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"నీకు ఆయన అలవాటు తెలుసు" అంది మీనాకుమారి. గొంతు లేవలేదు. లేవనివ్వలేదు. "గార్డు చెయ్యెత్తి ఆల్‌రైట్ ఇస్తేగాని ఆయన బండి కదిలించడు. ఇంట్లోనూ అంతే. గేటు దగ్గర ఆగి, ఎనక్కి తిరిగి చెయ్యెత్తేవాడు. నేను చెయ్యి ఊపితేనే మోటార్‌సైకిల్ తీసేవాడు. వంటింట్లో ఉంటే అక్కడే నిలబడి హారన్ కొట్టేవాడు. చెప్పు. నీళ్లలోకి దిగేముందు ఏం చేశాడు?"

భోజనాల వేళ అయిపోయినట్టు దూరంగా సైరన్ మోగింది. గిరిబాబు లేవలేదు. తల ఎత్తకుండా, ఇసక డబ్బాతో చెబుతున్నట్టు చెప్పాడు.

"మాను దాటినాడు. అటు జెండా సూసినాడు, పెట్టిన బావే జరిపినాడు గావాల, ఇంకా దూరమే అనుకున్నాడు. కేకేద్దామని లేచినాను. నోరు తెరిసినాను కూడా. కేకేస్తే జెండా నానే జరిపినానని సెప్పాలి. ఆడు మీ అందరికీ సెప్తాడు. మళ్లీ జెండా గిరి. సచ్చేదాకా జెండా గిరి. మోకాలి లోతే గదా, ఈతగాడే గదా, కాస్త బెదిరి తిరిగొచ్చీస్తాడులే అనుకున్నాను. నీళ్ల కాడ ఆగినాడు మీనా. ఎనక్కి తిరిగినాడు. నాకేసి సూసి సెయ్యెత్తినాడు. నాను ఊపకపోతే ఆడు దిగడు. నాకు తెలుసు. సెయ్యి కిందే ఉంచితే సాలు, ఆడు ఒడ్డుకి వొచ్చీసేవోడు. నాను... సెయ్యి ఎత్తినాను. ఈ సెయ్యే. ఆల్‌రైట్ ఇచ్చినాను."